బదిలీల ఇంటి బిడ్డ - అలన్ ట్యూరింగ్



పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు, ఛత్రపురం. ఇవి ఒక రైలు ఆగే స్టేషన్ల పేర్లు కావు. 1908 నుంచి 1911 లోపు ఒక ప్రభుత్వోద్యోగి కుటుంబం పెట్టెలు సర్దుకుని తిరిగిన ఊళ్ళు. ఈ లెక్క మీలో చాలామందికి వింతగా అనిపించదు. ఒకటో తరగతి ఒక రాష్ట్రంలో, నాలుగో తరగతి మరో రాష్ట్రంలో చదివి ఇప్పుడు సూరత్‌కు వచ్చినవాళ్ళు మన బడిలో ప్రతి తరగతిలోనూ ఉన్నారు. చెప్పే మేమూ ఆ బాపతువాళ్ళమే. కొత్త ఊరికి వెళ్ళిన ప్రతిసారీ ముందు గ్యాస్ కనెక్షన్, తర్వాత పాలవాడు, ఆ తర్వాతే పాఠం. అందుకే ఈ సంచికలో మీకోసం మరో బదిలీల ఇంటి బిడ్డ కథను ఎంచుకున్నాం. ఆయన పేరు అలన్ ట్యూరింగ్. మనం రోజూ వాడే కంప్యూటర్ వెనక ఉన్న ఆలోచన ఆయనదే. ఆ కంప్యూటర్‌ను వైరస్‌ల నుంచి కాపాడుకోవడం ఎందుకు అంత కష్టమో మొదట అర్థమయ్యేలా చేసిందీ ఆయన లెక్కే.

తండ్రి ఉద్యోగం, తెలుగు జిల్లాలు

అలన్ తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగ్ ఐ.సి.ఎస్. పరీక్షలో నెగ్గి 1896లో మద్రాసు చేరారు. బళ్ళారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో పనిచేశారు. గుర్రమెక్కి ఊరూరా తిరిగి సాగునీరు, పారిశుధ్యం, టీకాలు, ఊరి లెక్కలు చూసుకోవడం ఆయన పని. రైతులతో మాట్లాడడానికి దుబాసీ ఒక్కడూ చాలడు కదా, అందుకని తెలుగు కూడా నేర్చుకున్నారు. తల్లి ఎథెల్ సారా స్టోనీ మన దేశంలోనే పుట్టారు. ఆమె తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేలో ఛీఫ్ ఇంజినీరు. తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించిన పెద్దమనిషి.

పెద్దకొడుకు జాన్ 1908లో నీలగిరుల్లోని కూనూరులో పుట్టాడు. ఆ పసివాణ్ణి వెంటబెట్టుకునే తల్లిదండ్రులు పైన చెప్పిన ఊళ్ళన్నీ తిరిగారు. 1911లో మకాం ఛత్రపురం. అది ఇప్పుడు ఒడిశాలో ఉంది, అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. రెండో బిడ్డ కడుపులో ఉండగా తల్లి ఇంగ్లండుకు ఓడెక్కారు. 1912 జూన్ 23న లండన్‌లో అలన్ పుట్టాడు.

తరువాత జరిగింది వినడానికి కష్టంగానే ఉంటుంది. మన దేశపు ఎండలు, రోగాలు పిల్లలకు పడవని ఆనాటి ఆంగ్లేయ ఉద్యోగులు భయపడేవారు. 1913లో తండ్రి ముందు, తల్లి వెనక మద్రాసుకు తిరిగి వచ్చేశారు. అప్పటికి అలన్‌కు 15 నెలలు. అన్నదమ్ములిద్దరినీ దక్షిణ ఇంగ్లండులో సముద్రపు ఒడ్డున ఉన్న సెయింట్ లియొనార్డ్స్ అనే ఊళ్ళో, రిటైరైన ఒక కల్నల్ దంపతుల ఇంట్లో వదిలారు. అమ్మ మధ్యమధ్య ఓడ మీద రావడం, మళ్ళీ వెళ్ళిపోవడం. 1916లో మాత్రం ఆమె ఇంగ్లండులోనే ఆగిపోయారు. అది మొదటి ప్రపంచయుద్ధం. సముద్రంలో జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచుతున్నాయి, ప్రయాణం ప్రమాదం. అలా 1919 దాకా అలన్‌కు అమ్మ దగ్గర ఉండే భాగ్యం దక్కింది. నాన్న మాత్రం ఒంటరిగా మద్రాసు రాజధానిలోనే.

మీ ఇళ్ళలో నాన్నకో అమ్మకో కుటుంబాన్ని తీసుకెళ్ళలేని చోట పోస్టింగ్ పడితే ఏమవుతుందో మీకు తెలుసు. అప్పుడు వీడియో కాల్ లేదు. ఉత్తరం ఓడలో వారాల తరబడి ప్రయాణం చేయాలి.

చదువు, స్నేహం

అలన్ దాదాపు మూడు వారాల్లో తనంతట తనే చదవడం నేర్చుకున్నాడట. అక్షరాల కన్నా అంకెలంటే ఇంకా ఇష్టం. వీధిలో వెళుతూ ప్రతి దీపస్తంభం దగ్గరా ఆగి దాని మీది నంబరు చదివితే గాని కదిలేవాడు కాదు. ఒకసారి సెలవుల్లో స్కాట్లండ్ వెళ్ళినప్పుడు తేనెటీగలు ఎటు ఎగురుతున్నాయో గమనించి, ఆ దారులు ఎక్కడ కలుస్తాయో లెక్కగట్టి తేనెపట్టు పట్టుకున్నాడు. పదేళ్ళ వయసులో ప్రకృతి వింతల గురించిన ఒక పిల్లల పుస్తకం అతని చేతికొచ్చింది. మనిషి శరీరం కూడా ఒక యంత్రంలాంటిదే అన్న ఆలోచన ఆ పుస్తకంలోంచి అతని మనసులో పడింది.

1926లో 13 ఏళ్ళ అలన్ షెర్బర్న్ అనే బోర్డింగ్ స్కూలులో చేరాలి. సరిగ్గా అప్పుడే దేశమంతా సార్వత్రిక సమ్మె. అప్పుడు తల్లిదండ్రులు ఫ్రాన్స్‌లో ఉన్నారు. అక్కడి నుంచి ఓడలో సౌతాంప్టన్ రేవు చేరిన పిల్లవాడికి ముందుకు వెళ్ళడానికి రైలు లేదు. సైకిలెక్కాడు. దాదాపు 100 కిలోమీటర్లు. దారిలో ఒక రాత్రి హోటల్లో పడుకుని మర్నాడు బడికి చేరాడు. ఇంటి నుంచి దూరంగా పెరిగిన పిల్లలకు వచ్చే ధైర్యం అది.

బడిలో మాత్రం అంతా సుఖంగా సాగలేదు. దస్తూరి బాగుండేది కాదు. లెక్కలు, సైన్సు తప్ప మిగతా సబ్జెక్టుల్లో ఉపాధ్యాయులకు తృప్తి లేదు. అతని మనసును అర్థం చేసుకున్న ఒకే ఒక్క స్నేహితుడు క్రిస్టఫర్ మార్కమ్. ఇద్దరూ నక్షత్రాల గురించి, రసాయనాల గురించి గంటల తరబడి మాట్లాడుకునేవారు. 1930 ఫిబ్రవరిలో క్రిస్టఫర్ క్షయతో కన్నుమూశాడు. చిన్నప్పుడు తాగిన ఆవుపాల ద్వారా ఒంట్లో చేరిన వ్యాధి అది. ఏళ్ళ తరబడి లోపల దాగి ఉండి చివరికి ప్రాణం తీసింది. ఆ తరువాత అలన్ ఆ స్నేహితుని తల్లికి ఏళ్ళ పాటు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. క్రిస్టఫర్ చేయాల్సిన పని కూడా తానే చేయాలన్న పట్టుదల అతనిలో అప్పుడే కలిగింది.

1931లో కేంబ్రిడ్జ్‌లోని కింగ్స్ కాలేజీలో చేరి, 1935లో 22 ఏళ్ళకే అక్కడ ఫెలో అయ్యారు.

ఒక యంత్రంలో మరో యంత్రం

1936లో ట్యూరింగ్ ఒక పరిశోధన వ్యాసం రాశారు. అప్పటికి కంప్యూటర్ అంటే కూర్చుని లెక్కలు చేసే మనిషి అని అర్థం. ఆయన ఊహలో ఒక యంత్రాన్ని కట్టారు. పొడవాటి కాగితపు టేపు, దాని నిండా గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో గుర్తు. యంత్రం ఒకసారికి ఒక్క గడినే చూస్తుంది. చదువుతుంది, కావాలంటే చెరిపి వేరే గుర్తు రాస్తుంది, ఎడమకో కుడికో ఒక గడి జరుగుతుంది. ఏ గుర్తు కనబడితే ఏం చేయాలో ముందే రాసిన నియమాల పట్టిక ఉంటుంది. అంతే. కాగితం మీద మనం చేయగల ఏ లెక్కనైనా ఇలాంటి యంత్రం చేయగలదు.

ఇక్కడి దాకా అయితే కూడికకు ఒక యంత్రం, గుణకారానికి ఇంకో యంత్రం కావాలి. ట్యూరింగ్ మరో అడుగు వేశారు. ఒక యంత్రపు నియమాల పట్టికను కూడా గుర్తులుగా మార్చి టేపు మీద రాయవచ్చు కదా. అప్పుడు ఆ పట్టికను చదివి, అచ్చం ఆ యంత్రంలాగే నడుచుకునే ఒక సార్వత్రిక యంత్రం కట్టవచ్చు. పట్టిక మారిస్తే చాలు, అదే యంత్రం మరో యంత్రమైపోతుంది.

ఈనాటి వర్చువల్ మెషీన్ వేరు అదే. ఒక అసలు కంప్యూటర్ లోపల, సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్. లోపలి దాన్ని గెస్ట్ అంటారు, మోసేదాన్ని హోస్ట్ అంటారు, రెంటి మధ్య కాపలా ఉండే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. 1960లలో ఐబీఎం ఇంజినీర్లు ఒక పెద్ద కంప్యూటర్‌ను చాలామందికి పంచడానికి దీన్ని నిజం చేశారు. 1999 నాటికి వీఎంవేర్ సంస్థ మామూలు డెస్క్‌టాప్ మీద కూడా నడిచేలా చేసింది.

మన సూరత్ పిల్లలకు ఇది తేలిగ్గా అర్థం కావాలంటే రింగ్ రోడ్డుకు వెళితే చాలు. సహారా దర్వాజా నుంచి ఉధ్నా దర్వాజా వైపు వెళుతుంటే రెండు పక్కలా బట్టల మార్కెట్లు. ఒక్కో భవనంలో వందల దుకాణాలు. ప్రతి దుకాణానికీ సొంత షట్టరు, సొంత తాళం, సొంత గల్లాపెట్టె. లోపల కూర్చున్న సేటుకు అదే తన ప్రపంచం. కానీ పునాది, మెట్లు, కరెంటు తీగలు, సరుకు ఎక్కించే లిఫ్టు అన్నీ భవనానివే. భవనం హోస్టు, దుకాణాలు గెస్టులు. ఏ దుకాణానికి ఎంత చోటు, ఎంత కరెంటు, ఎవరు ఎటు నడవాలి అని చూసే మార్కెట్ నిర్వాహకులు హైపర్‌వైజర్.

2025 ఫిబ్రవరిలో ఇదే రింగ్ రోడ్డులోని శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్‌లో నిప్పు అంటుకుంది. ముందు రోజు బేస్‌మెంట్‌లో మొదలైన మంట ఆరిందనుకున్నారు, మర్నాడు మళ్ళీ లేచి వందల దుకాణాలను కాల్చేసింది. ఎవరి షట్టరు వారికే ఉంది, ఎవరి తాళం వారికే ఉంది, అయినా ఆగలేదు. భవనానికి వచ్చిన ఆపద లోపలున్న ప్రతి దుకాణానికీ ఆపదే. హోస్టు కంప్యూటర్‌కు వైరస్ పట్టినా అంతే. లోపలి గెస్టులన్నీ హోస్టు డిస్కు మీద కొన్ని ఫైళ్ళు మాత్రమే. ఆ ఫైళ్ళు పాడైతే లోపలి కంప్యూటర్లు లేనట్టే.

పరిపూర్ణమైన కాపలాదారు లేడు

అదే 1936 వ్యాసంలో ట్యూరింగ్ ఇంకో సంగతి కూడా రుజువు చేశారు. ఏ యంత్రాన్ని చూపించినా, అది ముందుముందు ఎలా ప్రవర్తిస్తుందో తప్పకుండా చెప్పగల పద్ధతి ఏదీ ఉండదని. దీన్ని ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో చెప్పే తీరులో చూద్దాం.

ఏ ప్రోగ్రామునైనా చూసి, ఇది పని ముగించి ఆగుతుందా లేక ఆగకుండా తిరుగుతూనే ఉంటుందా అని ఎన్నడూ తప్పకుండా చెప్పే ఒక పరీక్షకుడు ఉన్నాడనుకుందాం. మనం ఒక తుంటరి ప్రోగ్రాము రాస్తాం. అది ముందు తనను తానే ఆ పరీక్షకుడికి చూపిస్తుంది. ఆగుతుందని పరీక్షకుడు చెబితే ఆగకుండా తిరుగుతుంది. ఆగదని చెబితే వెంటనే ఆగిపోతుంది. పరీక్షకుడు ఏది చెప్పినా తప్పే. కాబట్టి ఎన్నడూ తప్పని పరీక్షకుడు ఉండడం అసాధ్యం.

దాదాపు 50 ఏళ్ళ తరువాత, 1980లలో, అమెరికాలో ఫ్రెడ్ కోహెన్ అనే విద్యార్థి తన ప్రతిని ఇతర ప్రోగ్రాముల్లో అంటించే ప్రోగ్రాముల మీద పరిశోధన చేశాడు. వాటికి వైరస్ అన్న పేరు సూచించింది అతని గురువు లియొనార్డ్ ఆడెల్‌మన్. కోహెన్ ఇదే వాదాన్ని వాడాడు. పరీక్షకుడు వైరస్ అంటే వ్యాపించకుండా ఊరుకునే, వైరస్ కాదంటే వ్యాపించే ప్రోగ్రామును ఊహించాడు. దాంతో అన్ని వైరస్‌లనూ, ఒక్క పొరపాటూ లేకుండా పట్టే యాంటీవైరస్ ఎవరూ రాయలేరని తేలింది. బజారులో కొనే ఏ యాంటీవైరస్ పెట్టె మీద ఏం రాసి ఉన్నా ఈ లెక్క మారదు.

ఇంకో సంగతి. ట్యూరింగ్ సార్వత్రిక యంత్రంలో పనిచేయించే నియమాలూ, పనిచేయించుకునే సమాచారమూ ఒకే టేపు మీద ఉంటాయి. అందుకే ఒకే కంప్యూటర్ మీద పాటలు వినగలం, లెక్కలు చేయగలం, పద్యాలు టైపు చేయగలం. అందుకే ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును తిరగరాయగలదు కూడా. కంప్యూటర్‌కున్న గొప్పతనమూ, దానికి వైరస్ సోకే గుణమూ ఒకే చోట నుంచి వచ్చాయి.

యుద్ధంలో

1939 సెప్టెంబరులో బ్రిటన్ రెండో ప్రపంచయుద్ధంలోకి దిగిన మర్నాడే ట్యూరింగ్ బ్లెచ్లీ పార్క్ అనే రహస్య కేంద్రంలో చేరారు. జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో సందేశాలను గూఢలిపిలోకి మార్చేవారు. రోజూ దాని అమరిక మారేది. పోలండ్ గణితవేత్తలు అంతకుముందే దాని గుట్టు కొంత విప్పి మిత్రదేశాలకు అందించారు. ఆ పునాది మీద ట్యూరింగ్ బాంబ్ అనే యంత్రాన్ని రూపొందించారు, గోర్డన్ వెల్చ్‌మన్ దాన్ని మెరుగుపరిచారు. 1940లో అది పని మొదలుపెట్టింది. జర్మన్ నౌకాదళపు సందేశాల మీద పనిచేసిన విభాగానికి ట్యూరింగ్ నాయకుడు.

ఎనిగ్మాలో ఒక చిన్న లోపం ఉంది. ఏ అక్షరమూ తిరిగి అదే అక్షరంగా మారదు. దానికి తోడు మనుషుల అలవాటు. రోజూ ఒకే వేళకు, ఒకే తీరు మాటలతో వాతావరణ సమాచారం పంపేవారు. ఆ అలవాటును పట్టుకుని తాళం తీశారు. యంత్రం ఎంత గట్టిదైనా, దాన్ని వాడే చేతి అలవాటు దగ్గర దొరికిపోయింది. మీ ఇంట్లో ఎవరైనా పుట్టినరోజునే పాస్‌వర్డుగా పెట్టుకుని ఉంటే వాళ్ళకు ఈ కథ చెప్పండి.

చిన్నప్పుడు తన తల్లిని మద్రాసుకు వెళ్ళనివ్వకుండా ఆపినవి జలాంతర్గాములు. ఇప్పుడు బ్రిటన్‌కు తిండి, ఇంధనం తెచ్చే ఓడల్ని ముంచుతున్నవీ అవే. అవి ఎక్కడ పొంచి ఉన్నాయో ముందే తెలియడం వల్ల ఎన్నో ఓడలు దారి మళ్ళి బతికాయి. ఈ పనంతా ఎవరికీ చెప్పకూడదు. 1970ల దాకా లోకానికి తెలియలేదు. అప్పటికి ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

అక్కడ ఆయన అలవాట్లు తోటివారికి నవ్వు తెప్పించేవి. పుప్పొడి పడక గ్యాస్ మాస్కు తగిలించుకుని సైకిలు తొక్కేవారు. టీ కప్పు ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసుతో కట్టేవారు. పరుగులో ఆయన గట్టివాడు. 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల్లో ముగించారు.

చివరి రోజులు

యుద్ధం తరువాత నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో ఏస్ అనే కంప్యూటర్‌కు నమూనా గీశారు. 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడి తొలి కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాశారు. రాసిన ప్రోగ్రాము సరిగ్గా ఉందో లేదో అంచెలంచెలుగా ఎలా సరిచూడాలో 1949లోనే వివరించారు. యంత్రాలు ఆలోచించగలవా అన్న ప్రశ్న మీద 1950లో రాసిన వ్యాసం నేటి కృత్రిమ మేధకు తొలి మెట్టు. 1951లో రాయల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది.

1952లో ఆయన ఇంట్లో దొంగతనం జరిగింది. పోలీసుల విచారణలో ఆయన మరో పురుషునితో ప్రేమగా ఉన్నారని బయటపడింది. ఆనాటి బ్రిటన్ చట్టంలో అది నేరం. జైలుకు వెళ్ళడమా, శరీరాన్ని మార్చే మందులు వాడడమా అన్న రెండే దారులు. మందులకే ఒప్పుకున్నారు. దేశానికి అంత సేవ చేసిన మనిషిని రహస్య పనుల నుంచి తప్పించారు. 1954 జూన్ 7న సైనైడ్ విషం వల్ల ఆయన కన్నుమూశారు. వయసు 41. ఆత్మహత్య అని విచారణాధికారి తేల్చారు. ఇంట్లో రసాయనాలతో ప్రయోగాలు చేసే అలవాటు వల్ల జరిగిన ప్రమాదమని తల్లి కడదాకా నమ్మారు.

2009లో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. 2013లో రాణి క్షమాభిక్ష ఇచ్చారు. 2021లో 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వచ్చింది. 55 ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన క్షమాపణ ఆయనకు వినబడలేదు. తరగతిలో ఎవరైనా మనలాగా లేరని వెలివేయబోయే ముందు దీన్ని మనం తలచుకోవాలి.

కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్ద గౌరవం 1966 నుంచి ఇస్తున్న ట్యూరింగ్ అవార్డు. 1994లో దాన్ని పంచుకున్న ఇద్దరిలో ఒకరు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన డాక్టర్ రాజ్ రెడ్డి. తండ్రి తెలుగు నేర్చుకున్న ఆ కుటుంబపు పేరు, ఒక తెలుగు పల్లె నుంచి వచ్చిన శాస్త్రవేత్త పేరు పక్కనా అలా చేరింది.

ఆయన లెక్క మనకు నేర్పేది

పరిపూర్ణమైన కాపలాదారు లేడని తెలిశాక ఏం చేయాలి? చేతులు ముడుచుకోవడం కాదు. ఒక్క తాళాన్నే నమ్మకుండా నాలుగైదు గోడలు కట్టుకోవాలి. పై తరగతి పిల్లలు వర్చువల్ మెషీన్లు వాడుతున్నారు. మీ ఇళ్ళలో పాత సాఫ్ట్‌వేర్ కోసం వాటిని వాడేవాళ్ళు ఉండవచ్చు. అందుకని ఈ మాటలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, ముందు హోస్టును కాపాడాలి. భవనం నిలిస్తేనే దుకాణం. హోస్టులో ఆటలు, ఎక్కడెక్కడివో ఉచిత సాఫ్ట్‌వేర్లు వేసి, గెస్టులో మాత్రం జాగ్రత్తగా ఉంటే లాభం లేదు. గెస్టు కూడా ఒక కంప్యూటరే కాబట్టి దానికీ విడిగా యాంటీవైరస్ కావాలి. హోస్టులో ఉన్నది లోపలికి తొంగిచూడదు.

రెండోది, అప్‌డేట్లు. 2017 మే నెలలో వానాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలవి కూడా అందులో ఉన్నాయి. జూలియస్ ట్యూరింగ్ గుర్రం మీద తిరిగి టీకాలు పరిశీలించిన సీమే అది. విండోస్‌లోని ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవాళ్ళు బయటపడ్డారు. అప్‌డేట్ అంటే కంప్యూటర్‌కు టీకా. హోస్టుకు, గెస్టుకు, మధ్యనున్న హైపర్‌వైజర్‌కు మూడింటికీ వేయాలి.

మూడోది, మధ్య గోడలోనూ కన్నాలు ఉంటాయి. 2015లో వెనమ్ అనే లోపం బయటపడింది. వర్చువల్ మెషీన్లలో ఎవరూ వాడని పాత ఫ్లాపీ డ్రైవు కోసం రాసిన కోడులో అది 2004 నుంచి దాగి ఉంది. దాని గుండా గెస్టులోని దుర్మార్గపు ప్రోగ్రాము హోస్టులోకి దూరే వీలుంది. వాడని తలుపు మూసేయాలని అది నేర్పింది. ఫ్లాపీ, యూఎస్‌బీ, హోస్టుతో పంచుకునే ఫోల్డర్, ఉమ్మడి కాపీ-పేస్టు, ఇవి అవసరం లేనప్పుడు ఆపేయండి. మార్కెట్ భవనంలో అందరూ వాడే సరుకు లిఫ్టు గుండా కూడా మంట పై అంతస్తుకు పాకగలదు.

నాలుగోది, స్నాప్‌షాట్. అంటే ఈ క్షణంలో గెస్టు ఎలా ఉందో ఒక ప్రతి తీసి పెట్టడం. పాడైతే వెనక్కి వెళ్ళవచ్చు. కానీ అది కూడా అదే హోస్టు డిస్కు మీద ఉంటుంది, కాబట్టి దాన్ని బ్యాకప్ అనుకోకూడదు. ముఖ్యమైన ఫైళ్ళ ప్రతి వేరే డిస్కులో వేసి, దాన్ని తీసి బీరువాలో పెట్టండి.

అనుమానపు ఫైలు వర్చువల్ మెషీన్‌లో తెరిచి చూడవచ్చా అని మీలో కొందరికి అనిపిస్తుంది. నిపుణులు అలా చేస్తారు. దానికి నెట్‌వర్క్ తీసేసిన ప్రత్యేకమైన కంప్యూటర్లు ఉంటాయి. అయినా కొన్ని వైరస్‌లు తాము వర్చువల్ మెషీన్‌లో ఉన్నామని పసిగట్టి బుద్ధిగా కూర్చుంటాయి, తనిఖీ అధికారి వచ్చిన రోజు తరగతి కూర్చున్నట్టు. అధికారి వెళ్ళాక ఏమవుతుందో మీకు మేము చెప్పనవసరం లేదు. కాబట్టి ఇంట్లో ఆ పని చేయకండి. వేరేవాళ్ళ కంప్యూటర్లోకి వైరస్ పంపడం మన ఐటీ చట్టం 2000 ప్రకారం నేరం కూడా. మీ కంప్యూటర్‌కు ఏమైనా సోకిందనిపిస్తే కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా శుభ్రపరిచే సాధనాలు ఇస్తుంది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

పిల్లలూ, ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మీలో కొందరి ఇళ్ళకు బదిలీ ఉత్తర్వులు వచ్చి ఉంటాయి. పెట్టెలు సర్దేటప్పుడు కంప్యూటర్లోని ఫోటోలు, ప్రాజెక్టులు విడిగా ఒక డిస్కులో వేసుకోండి. లారీలో పోయిన కంప్యూటర్ మళ్ళీ వస్తుందేమో గాని అందులోవి రావు. కొత్త ఊరు చేరాక ఇక్కడి స్నేహితునికి ఒక ఉత్తరం రాయండి. అలన్ ట్యూరింగ్ తాను పోగొట్టుకున్న స్నేహితుని ఇంటికి ఏళ్ళ తరబడి రాసినట్టు, ఒక్కసారితో ఆపకుండా రాయండి. ఆ ఉత్తరం తెలుగులో ఉంటే మేము మరీ సంతోషిస్తాం.